ఐపీ పెట్టడం అంత తేలికనుకున్నారా?

ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్), అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ పెట్టినవాణ్ణి మనవాళ్ళు చులకనగా చూస్తారు. ఇది అన్యాయం. అప్పు ఎగ్గొట్టడానికి ఫోన్ స్విచ్ఛాఫ్ చేస్తే చాలు. ఐపీకి మాత్రం కోర్టులో అర్హత చూపించాలి.

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం తీర్చలేని బాకీ కనీసం 500 రూపాయలుంటే చాలు. ఈ పరీక్షలో మనలో చాలామందికి డిస్టింక్షన్ ఖాయం. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ, అందులో వ్యక్తుల భాగం 2019 డిసెంబరులో కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారి వరకే అమలైంది. ముందు కంపెనీలు మునగాలి కదా, క్యూ పద్ధతి పాటించాలి.

ఎవరూ ఎరగని ఊరికెళ్ళి గుట్టుగా దివాలా తీద్దామంటే కుదరదు. మీరు కాపురముండే చోటో, వ్యాపారం చేసే చోటో, అక్కడి కోర్టుకే వెళ్ళాలి. పోనీ దాక్కుందామా అంటే, అప్పులవాళ్ళకి అందకుండా దాక్కోవడం కూడా దివాలా లక్షణమే. అది చూపించి వాళ్ళే మీ మీద పిటిషన్ వేయొచ్చు.

పిటిషన్‌లో అప్పులవాళ్ళ పేర్లు, చిరునామాలు, ఎవరికెంతో అన్నీ రాయాలి. అందరికీ నోటీసులు వెళ్తాయి. వాయిదా రోజు కోర్టు వరండాలో ఒకే బల్ల మీద చీటీల పెద్దమనిషి, నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాయించుకున్నాయన, సొంత బావమరిది. తన ఒక్కడి డబ్బే పోయిందనుకుని వచ్చినవాళ్ళే అందరూ. కాపీ తిరగేసి ఎవరి వరస నంబరు వాళ్ళు వెతుక్కుంటారు. బావమరిదిది 14. డబ్బు సంగతి తర్వాత, "నన్ను ఇంత కిందకి వేశాడా!" అని ఆయన బాధ.

ఇల్లు ముందే భార్య పేర రాసేశానని ధీమా పడకండి. ఊరికే రాసిచ్చిన రెండేళ్ళలోపు పిటిషన్ పడి దివాలా ఖాయమైతే, ఆ దస్తావేజును కోర్టు రద్దు చేయొచ్చు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, మంగళసూత్రం మాత్రం ముట్టుకోరు. ఆ మాత్రం దయ ఉంది.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. దివాలాదారుగా ప్రకటించాక, ఆ దివాలా నుంచి విడుదల ఉత్తర్వు వచ్చేదాకా, 50 రూపాయలో అంతకు మించో అప్పు తీసుకుంటే తాను దివాలాదారునన్న సంగతి ఇచ్చేవాడికి చెప్పి తీరాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. 1920లో 50 రూపాయలంటే ఆస్తి. ఇప్పుడు ఇద్దరు మిత్రుల టిఫిన్‌కే అయిపోతుంది. కాబట్టి చట్టాన్ని గౌరవించే పౌరుడు హోటల్లో ఇలా అడగాలి: "బాబాయ్, నేను ఐపీ పెట్టినవాణ్ణి. రెండు ఇడ్లీ, రెండు టీ. ఖాతాలో రాసుకో."