నాలుగు అంతస్తుల మంచెకు ఒక ఉత్తరం

గౌరవనీయులైన నైట్‌హాక్ గారికి,
(పి.బి.31ఇ యుద్ధవిమానం, సీరియల్ నెంబరు 1388, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పక్కన వూల్‌స్టన్ వాస్తవ్యులు, తొలిసారి ఎగిరింది 1917 ఫిబ్రవరి, ముక్కలైంది అదే ఏడాది)

నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయడం నూరేళ్లు ఆలస్యమైంది. ఆలస్యం మీకు కొత్త కాదు కాబట్టి ఏమీ అనుకోరనే ధైర్యంతోనే మొదలుపెట్టాను.

మీ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు విమానం గుర్తుకు రాలేదు, మంచె గుర్తొచ్చింది. ఒకదాని మీద ఒకటి నాలుగు రెక్కలు. వాటి మధ్య లెక్క తెగనన్ని కర్రలు, తీగలు. ఒంటి మీంచి పై రెక్క దాకా లేచిన అద్దాల గది, ఆ గది నెత్తిన ఫిరంగి. వెడల్పు 60 అడుగులు, ఎత్తు 18 అడుగులకు రవంత తక్కువ. కిందికి ఒక నిచ్చెన వేసి, పక్కన జొన్నచేను గీస్తే కనిగిరి వైపు ఎవరైనా అది మాదే అంటారు.

మా మామయ్యకూ ఒక మంచె ఉండేది. తాత కట్టిన మంచె నాలుగు గుంజలు, పైన రెల్లు కప్పు, చేతిలో వడిసెల, అంతే. తాత పోయాక మామయ్య దాన్ని బాగుచేశాడు. ముందు రేకు వేయించాడు. తర్వాత నులకమంచం ఎక్కించాడు. తర్వాత ఐదు బ్యాటరీల టార్చి, రేడియో, కూజా, దోమతెర. బరువుకు గుంజలు ఊగుతుంటే అదనంగా ఇంకో నాలుగు గుంజలు పాతాడు. ఆ ఏడు వేరుశనగ మొత్తం అడవిపందులే తిన్నాయి. టార్చి ఇటు వేస్తే అవి అటు పోయేవి. మామయ్య కిందికి దిగి, చెప్పులు వెతుక్కుని అటు వెళ్లేసరికి మళ్లీ ఇటు వచ్చేవి. తెల్లారాక అడిగితే, "రాత్రంతా మేలుకునే ఉన్నాను రా అబ్బాయ్, ఒక్క పందీ నా కంట పడలేదు" అనేవాడు.

మీరు పుట్టిందీ పందుల బెడద లాంటిదాని కోసమే. మొదటి ప్రపంచ యుద్ధం, 1915. జర్మనీ జెప్పెలిన్లు, అంటే హైడ్రోజన్ నింపిన పెద్ద గాలినౌకలు, రాత్రిపూట ఇంగ్లండ్ మీదికి వచ్చి బాంబులు వేసిపోతున్నాయి. వాటిని పట్టాలి. అందుకు మీవాళ్లు ఆలోచించిన ఉపాయం ఏమిటంటే, వెంటపడి పట్టడం కాదు, పైన కాపలా కాయడం. చీకటి పడగానే పైకెక్కి, నిదానంగా తిరుగుతూ, జెప్పెలిన్ వచ్చినప్పుడు లైటు వేసి కొట్టడం. నెమ్మదిగా ఎగరాలంటే రెక్క ఎక్కువ కావాలి. ఎక్కువ రెక్కను పొడుగ్గా సాగదీస్తే విరుగుతుంది, అందుకని నాలుగు ముక్కలు చేసి అంతస్తులుగా పేర్చారు. ఇంతవరకూ లెక్క తప్పు కాదు. కాకపోతే దగ్గర దగ్గరగా పేర్చిన రెక్కలు ఒకదాని గాలిని ఒకటి పాడుచేసుకుంటాయి. మధ్యలో ఉన్న ప్రతి కర్రా, ప్రతి తీగా వెనక్కి లాగుతుంది. ఉమ్మడి కుటుంబంలో నలుగురు కోడళ్లకు ఒకటే పొయ్యి ఉన్నట్టు.

ఇక తమరి సామాను సంగతి. ముక్కులో అటూ ఇటూ తిప్పగల సర్చిలైటు. ఆ లైటుకు కరెంటు కావాలి కాబట్టి దానికోసం విడిగా ఒక చిన్న పెట్రోలు ఇంజను. చీకట్లో శత్రువు కనిపించాలని లైటు పెట్టారు, బాగుంది. ఆ లైటు వెలగ్గానే ఎవరు ఎవరికి ముందు కనిపిస్తారో అడిగినవాళ్లు లేరా? దొంగను పట్టడానికి డప్పు కొట్టుకుంటూ వెళ్లినట్టు ఉంటుంది కదా వ్యవహారం.

పైన డేవిస్ ఫిరంగి. దీని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంతటి నిజాయితీ గల ఆయుధం మరొకటి లేదు. ఫిరంగి పేలితే వెనక్కి తంతుంది. ఆ తన్నుకు చెక్కా గుడ్డా కలిపి కట్టిన విమానం తట్టుకోదు. అందుకని డేవిస్ గారు రెండు గొట్టాలను వీపూ వీపూ ఆనించారు. ముందు గొట్టంలోంచి గుండు శత్రువు మీదికి పోతే, వెనక గొట్టంలోంచి అంతే బరువు సీసపు రవ్వలు, గ్రీజు కలిపి వెనక్కి పోతాయి. రెండు తన్నులూ ఒకదానికొకటి చెల్లు. ముందున్నవాడికి ఎంత ఇస్తామో వెనకున్నవాడికీ అంతే ఇచ్చే పద్ధతి. అందుకే దాన్ని అందరికంటే పైన, అటక మీద పెట్టారు. అదీ చాలదని రెండు లూయిస్ మరతుపాకులు. గుళ్లు తగలకుండా పెట్రోలు ట్యాంకులకు కవచం. ముగ్గురి నుంచి ఐదుగురి దాకా సిబ్బంది. 18 గంటలు పైనే ఉండగలరని మీవాళ్ల అంచనా. అంతసేపు మనిషి మేలుకోలేడు కాబట్టి, వంతు లేనివాడు నడుం వాల్చడానికి పడక.

అంతా కలిపి 2,788 కిలోలు. లాగడానికి అన్జానీ ఇంజన్లు రెండు, ఒక్కోటి 100 గుర్రాల బలం. అంటే ఒక్కో గుర్రం నెత్తిన 14 కిలోలు. పదివేల అడుగులకు ఎక్కడానికి మీకు పట్టిన సమయం గంట. కాగితం మీద మీ గరిష్ఠ వేగం గంటకు 75 మైళ్లు, సరే. కానీ జెప్పెలిన్‌కు ఒక దుర్గుణం ఉంది. అపాయం అనిపిస్తే మోసుకొచ్చిన నీళ్లు కిందికి వదిలేసి, బరువు తగ్గించుకుని పైకి లేస్తుంది. మీరు ఎగిరిన 1917లో కొత్తగా వచ్చినవి 16,000 అడుగులు దాటి తిరిగేవి. వాళ్లు సామాను పారేసి పైకి పోయేవాళ్లు, మీరు సామాను మోసుకుని పైకి పోదామనుకున్నారు.

తప్పు మీది కాదనుకోండి. తండ్రి పోలికలు.

నోయెల్ పెంబర్టన్ బిల్లింగ్ గారి గురించి మీకు నేను చెప్పాలా? కంటికి ఒంటి అద్దం, నోటికి అడ్డు లేదు. 1913లో హ్యాండ్లీ పేజ్ అనే మరో విమానాల తయారీదారుతో 500 పౌండ్ల పందెం కాశారు, విమానం ఎక్కి కూర్చున్న 24 గంటల్లో పైలట్ లైసెన్సు తెస్తానని. బ్రూక్‌లాండ్స్‌లో పొద్దున్నే మొదలుపెట్టి టిఫిన్ వేళకు లైసెన్సు తెచ్చేశారు. పందెం గెలిచినవాడికి ఎప్పుడూ ఒక జబ్బు అంటుకుంటుంది, మిగతా పనులు కూడా టిఫిన్ లోపే అయిపోతాయని. 1914లో వూల్‌స్టన్‌లో, ఇచెన్ నది ఒడ్డున కంపెనీ పెట్టారు. టెలిగ్రాం చిరునామాకు 'సూపర్‌మెరైన్' అని పేరు. నీటి కింద పోయేది సబ్‌మెరైన్ అయితే, మనది నీటి పైన పోయేది అని.

మీ తోబుట్టువుల సంగతీ తెలుసు. పెద్దన్న పి.బి.1, నీటి మీంచి లేవాల్సిన పడవ విమానం. 1914 మార్చిలో లండన్ ఒలింపియా విమాన ప్రదర్శనలో అందరి కళ్లూ దాని మీదే. నీటిలోకి దింపాక నీటిలోనే ఉండిపోయింది. పి.బి.7 కాగితం మీద మహా తెలివైనది. సముద్రంలో దిగాల్సి వస్తే రెక్కలు విడిచేసి మోటారు పడవలా ఇంటికి రావచ్చట. అవసరమైతే విమానం కాకుండా పోవడమే దాని ప్రత్యేకత. యుద్ధం మొదలవగానే పి.బి.9 వచ్చింది, వారం రోజుల్లో తయారైందని చెప్పుకున్నారు. అది పాపం నిజంగానే ఎగిరింది. అలాంటిది మాత్రం ఒక్కటే కట్టారు. ఎగరనివాటి మీద ఉన్న మమకారం ఎగిరేవాటి మీద ఉండదు కొందరికి. మీ సొంత అన్న పి.బి.29ఇ, అచ్చం మీలాగే నాలుగు అంతస్తులవాడు, 1916 మొదట్లో కూలిపోయాడు. అన్న కూలాక తమ్ముణ్ణి ఇంకా పెద్దగా, ఇంకా బరువుగా కట్టడం, ఇదీ మా మామయ్య పద్ధతే.

మీ పురుటికి తండ్రి లేడు. 1916 మార్చిలో హర్ట్‌ఫర్డ్ నుంచి ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు పోయారు. కంపెనీని హ్యూబర్ట్ స్కాట్-పెయిన్ తదితరులకు అప్పగించారు. టెలిగ్రాం చిరునామాయే కంపెనీ పేరైంది. సభలో ఆయన లేచిన మొదటి పెద్ద గొడవ ఏమిటో మీకు గుర్తుందా? ప్రభుత్వ కర్మాగారం డిజైను చేసిన బి.ఇ.2సి విమానం మీద. మన పైలట్లు యుద్ధంలో చావడం లేదు, హత్యకు గురవుతున్నారన్నారు. ఆ విమానాలను ఫోకర్ల మేత అన్నారు, ఫోకర్లంటే జర్మన్ యుద్ధవిమానాలు.

అందులో నిజం లేకపోలేదు. ఫ్రాన్స్ మీద పగటిపూట బి.ఇ.2సి పోట్లాటకు పనికొచ్చేది కాదు. దాన్ని తయారుచేసినవాళ్లు అది కుదురుగా ఎగరాలని చూశారు. చెయ్యి వదిలేసినా వంకర తిరగదు. పక్కకు తప్పుకోవాల్సినప్పుడూ అంతే, వంకర తిరగదు. వెనక ఫోకర్ తగులుకుంటే అది చావే. కానీ దిక్కు తెలియని చీకట్లో, ఒంటరి పైలట్‌కు కావలసింది సరిగ్గా ఆ కుదురే. పార్లమెంటులో మెంబరుగారు తిట్టిన గుణమే రాత్రి కాపలాకు వరమైంది.

1916 సెప్టెంబరు 2 రాత్రి. లండన్ పక్కన సటన్స్ ఫార్మ్ నుంచి విలియం లీఫ్ రాబిన్సన్ ఒక్కడే బి.ఇ.2సిలో బయల్దేరాడు. వయసు 21. పుట్టింది మన పక్కనే, కూర్గ్ కాఫీ తోటలో. ఒకటే ఇంజను, 90 గుర్రాలు. పడక లేదు, ఫిరంగి లేదు, సర్చిలైటు లేదు. న్యాయంగా చెప్పాలి, అతనికీ పదివేల అడుగులకు 53 నిమిషాలు పట్టింది. అతనే రిపోర్టులో రాసుకున్నాడు. మీకంటే ఏడు నిమిషాలే ముందు. కాబట్టి నత్తనడక ఒక్కటే మీ నేరం అంటే నేను ఒప్పుకోను.

తేడా తూటాలో ఉంది. మామూలు తూటా హైడ్రోజన్ సంచికి చిల్లి పెడుతుంది, అంతే. ఏనుగుకు సూది గుచ్చినట్టు. గాలి కలవనిదే హైడ్రోజన్ మండదు. ముందు సంచిని చింపే తూటా, వెంటనే నిప్పంటించే తూటా, రెండు రకాలూ కలిపి తుపాకీలో నింపారు. ఎస్‌ఎల్ 11 అనే జర్మన్ గాలినౌకను నేల మీది సర్చిలైట్లే చూపించాయి. లైటు కిందే ఉండొచ్చు, పైకి మోయక్కర్లేదు! రాబిన్సన్ ఒక తూటాల డ్రమ్ము ఖాళీ చేశాడు, ఏమీ కాలేదు. రెండోదీ అంతే. మూడో డ్రమ్ము మొత్తం వెనక భాగంలో ఒకే చోట గురిపెట్టి కాల్చాడు. ఆ మంట చాలా మైళ్ల దూరం కనిపించింది. అందులోని 16 మందీ పోయారు, ఆ మాట దగ్గర నేను హాస్యం ఆపుతాను. అది పడింది కఫ్లీలో. హర్ట్‌ఫర్డ్‌షైర్. మీ తండ్రిగారిని గెలిపించిన హర్ట్‌ఫర్డ్ ఉన్న జిల్లా అదే.

ఆయన తిట్టిన విమానం, ఆయన జిల్లాలో, మీ పని చేసేసింది. మీరు అప్పటికి ఇంకా షెడ్డులోనే ఉన్నారు. ఐదు నెలల తర్వాత ఈస్ట్‌చర్చ్‌లో క్లిఫర్డ్ ప్రాడ్జర్ మిమ్మల్ని పైకి తీసుకెళ్లాడు, కిందికి తెచ్చాడు. మీ వెనక రావలసిన 1389 నెంబరును రద్దు చేశారు. పెళ్లికి తెచ్చిన బాజాలు పదహారో రోజు పండక్కి చేరినట్టు.

మీ నక్షాల మీద పనిచేసినవాళ్లలో ఆర్.జె. మిచెల్ అనే కుర్రాడు ఒకడున్నాడు. అతను తర్వాత అదే కంపెనీలో, ఒకటే ఇంజను, ఒకటే రెక్క, ఒకడే మనిషి ఉన్న విమానం గీశాడు. 1936 మార్చి 5న ఎగిరింది, స్పిట్‌ఫైర్ అన్నారు. మంచెలో ఏమేమి ఉండకూడదో మిమ్మల్ని చూసే తెలుసుకున్నాడని నా అనుమానం, రుజువు లేదు. 1940లో ఆ స్పిట్‌ఫైర్లు నడిపిన 152 నెంబరు స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అని పేరు, బిళ్ల మీద నిజాం తలపాగా. ఖర్చుకు డబ్బు ఇచ్చింది నిజాం గారు. నిజాం గారికి ఎవరిచ్చారో తెలంగాణ రైతుల మనవలను అడగండి. అంటే వూల్‌స్టన్‌తో మాకూ ఒక చిన్న పద్దు ఉంది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

మీ మీద నాకు కోపం లేదండీ. నిజానికి మీ ఫోటో నా బల్ల ముందే అతికించుకున్నాను. మామయ్య చూసి, చాలాసేపు చూసి, "ఆ పైగదిలో గాలి బాగా ఆడుతుంది రా" అన్నాడు. కింద నాలుగో రెక్కను వేలితో తడిమి, ఇక్కడ కూజా పెట్టుకోవచ్చన్నాడు.

పోయేముందు ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉంది. తుపాకీ కాల్చలేదు. లైటు ఏ జెప్పెలిన్ మీదా పడలేదు. ఫిరంగి ముందుకూ పేలలేదు, వెనక్కూ పేలలేదు, శత్రువు మీదైతే. కనీసం ఆ పడక మీద ఎవరైనా, మధ్యాహ్నం పూట షెడ్డులో మేస్త్రి లేనప్పుడు, ఒక్క కునుకైనా తీశారా?

తీశారంటే మామయ్యకు చెబుతాను, సంతోషిస్తాడు.

ఇట్లు,
మంచె కింద నిలబడి చూసిన మేనల్లుడు