గడువు తీరిన సూప్ డబ్బా

పేగన్లకు, అంటే ప్రకృతినీ పాతకాలపు దేవతలనీ ఈ రోజుల్లోనూ కొలిచేవాళ్లకు, సేవ ఈమధ్యే అలవాటైందన్నట్టు ఒకరు రాశారు. అది నిజం కాదు. అమెరికాలో 1998 నుంచీ జరుగుతున్న పేగన్ ప్రైడ్ డే అనే వాళ్ల వేడుకలో, అవసరమైనవాళ్ల కోసం ఆహార సేకరణ ఒక భాగం. ఎక్కువగా సెప్టెంబర్‌లో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో పెడతారు. వాళ్లకది కోతల పండుగ, పండింది పంచుకోవాల్సిన సమయం. గింజలు ఇల్లు చేరకముందే కళ్లంలోనే ఊరి పనివాళ్లకు మేర కొలిచిచ్చిన మా తాతగారికైతే ఇందులో వింతేమీ కనిపించేది కాదు.

నేనూ ఓసారి ఆ వేడుక జరిగే పార్కులో, సేకరించిన డబ్బాలు సర్దడానికి వెళ్లాను. బీన్స్, ట్యూనా, పీనట్ బటర్... సగం పని ఎక్స్‌పైరీ తేదీలు చూడటమే! ఐదు కోణాల చుక్క లాకెట్ వేసుకున్న ఒక పెద్దావిడ, రెండేళ్ల కిందట గడువు తీరిన సూప్ డబ్బాను పక్కన పడేస్తూ "ఇది దేవతకీ పెట్టం, మనుషులకీ పెట్టం" అంది.