శత్రువు పేరు కూడా చెక్కిన ఒకినావా రాళ్లు

యుద్ధ స్మారకాల మీద మామూలుగా మనవాళ్ల పేర్లే ఉంటాయి. అవతలి పక్షంలో ఎంతమంది పోయారో ఎవరూ రాయరు. జపాన్ దక్షిణాన ఒకినావా దీవిలో, మాబుని దగ్గరున్న శాంతి స్మారక పార్కు మాత్రం అలా చేయలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన యాభై ఏళ్లకు, 1995 జూన్ 23న అక్కడ ఆవిష్కరించిన నల్లరాతి పలకల మీద ఇప్పుడు 2,40,000కు పైగా పేర్లున్నాయి. ఒకినావా ప్రజలు, జపాన్ సైనికులతో పాటు, జపాన్‌కు ఎదురుగా పోరాడి చనిపోయిన దాదాపు 14,000 మంది అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్లూ ఉన్నారు. ఆ పోరులో పోయిన కొరియన్లు, తైవాన్ వాళ్లూ ఉన్నారు. కొత్తగా తెలిసిన పేర్లను ఏటా చేరుస్తూనే ఉన్నారు.

అక్కడికి వెళ్లేవాళ్లు ఒకినావా ఊళ్ల పలకల దగ్గర కాసేపు ఆగాలి. కొన్నిచోట్ల పేరుండదు. ‘ఫలానా ఆయన పెద్ద కొడుకు’, ‘ఫలానా ఆవిడ బిడ్డ’ అని మాత్రమే ఉంటుంది. ఇంటిల్లిపాదీ పోయాక ఆ పసివాడి పేరు చెప్పడానికి ఎవరు మిగులుతారు? 1945లో సుమారు మూడు నెలల పోరులో దీవి జనాభాలో దాదాపు నాలుగో వంతు చనిపోయారంటే ఏమిటో అంకె కంటే ఆ ఒక్క వరుస బాగా చెబుతుంది.

అయితే అవే రాళ్ల మీద జపాన్ సేనాధిపతి ఉషిజిమా పేరూ ఉంది. తన ప్రధాన స్థావరమైన షురి నుంచి సైన్యాన్ని దక్షిణానికి, అంటే జనం తలదాచుకున్న వైపుకే, వెనక్కి తీసుకెళ్లింది ఆయనే. ఆ నిర్ణయానికి వేల ప్రాణాలు బలయ్యాయి. చంపినవాడినీ చచ్చినవాడినీ ఒకే వరుసలో పెడతారా అని అడిగేవాళ్లున్నారు. జపాన్ బలవంతంగా తరలించిన తమవాళ్ల పేర్లు చెక్కడానికి కొన్ని కొరియా కుటుంబాలు ఒప్పుకోలేదు. వాళ్ల కోపం న్యాయమైనదే. అయినా పేర్లన్నీ ఉండాలనే నేనంటాను. కాకపోతే ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పే పని రాళ్లది కాదు, పక్కనున్న మ్యూజియానిది.

ఆ పని ఎంత సున్నితమైనదో 1999లో తేలింది. కొత్త మ్యూజియం సిద్ధమవుతోంది. గుహలో దాక్కున్న పౌరుల మీదికి జపాన్ సైనికుడు తుపాకీ ఎత్తిన దృశ్యం అందులో ఒకటి. అధికారులు ఆ బొమ్మ చేతిలోంచి తుపాకీ తీసేయించారు. విషయం బయటపడగానే ఒకినావా భగ్గుమంది, తుపాకీ మళ్లీ చేతికొచ్చింది. ఆ తుపాకీ లేకపోతే ఆ సైనికుడు జనానికి కాపలా కాస్తున్నట్టే కనిపించేవాడు.

ఈ గొడవ పాతదని అనుకోవడానికి వీల్లేదు. దక్షిణ ఒకినావా మట్టిలో ఇప్పటికీ ఎముకలు బయటపడుతున్నాయి. 2020లో జపాన్ రక్షణ శాఖ హెనోకో దగ్గర అమెరికా స్థావరం కోసం సముద్రాన్ని పూడ్చే పనికి మట్టి తెచ్చే చోట్లలో ఆ దక్షిణ ప్రాంతాన్నీ చేర్చింది. రాతి మీద పేరున్న మనిషి ఎముకలు సైనిక స్థావరం కిందికి చేరవచ్చు. ఆ ప్రాంతాన్ని జాబితాలోంచి పూర్తిగా తీసేయాలి.