నాజర్‌కు దండ, వంత నోటికి తాళం

జయంతి వచ్చిందంటే వేదిక మీద బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ పటం, దానికో బంతిపూల దండ. గంటన్నర ఉపన్యాసాలు. చివర్లో జనం లేచి వెళ్తుంటే బుర్రకథ దళానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కూడా చాలాచోట్ల ఏదో శాఖ రాసిచ్చిన పథకాల పాటకే సరి. నాజర్ పేరు పెట్టుకుని ఈ పని చేయడం ఆయన్ను అవమానించడమే.

1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూసిన ఆ కళాకారుడి గురించి మా పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది? పాలకులకే ఒక్క మాట గుర్తుచేయాలి. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు, అంటే చెరోపక్క నిలబడి గుమ్మెట అనే తోలు వాద్యం వాయిస్తూ పాట అందుకునేవారు. ఒకరు హాస్యం చెబుతారు. రెండోవారు రాజకీయ వంత. పల్నాటి యుద్ధం మంచి పట్టులో ఉండగా కథను ఆపి, ‘మన ఊళ్లో ఇప్పుడు జరిగేది కూడా ఇదేగా’ అని నిలదీసే హక్కు ఆయనది. నాటి మద్రాసు ప్రభుత్వం, నిజాం సర్కారు బుర్రకథను నిషేధించింది ఈ నిలదీతకు జడిసే.

ఇప్పుడు నిషేధాలతో పనిలేదు, ముందే రాసిన కాగితం చేతిలో పెడితే చాలు. రాజకీయ వంత అడగాల్సిన ప్రశ్న అందులో ఉండదు. పథకం పేరు చెప్పగానే ‘భళా’ అనడమే ఆయన వంతు. ప్రచార కార్యక్రమాలతో కళాకారులకు నాలుగు డబ్బులు వస్తున్నాయని అధికారులు అంటారు. నిజమే, ఆ కూలి వాళ్లకు అవసరం. అంతమాత్రాన వాళ్ల నోటికి తాళం వేసే అధికారం ఎవరికీ రాదు.

వేదిక మీద ఏం జరుగుతుందో ఏర్పాట్లు చేసేవారు ఒక్కసారైనా దగ్గరగా చూశారా? నిండు కథకు రెండు మూడు గంటలు కావాలి. పది నిమిషాల్లో ప్రార్థన, సభా వందనం అయ్యేసరికే మూడు నాలుగు నిమిషాలు పోతాయి. వీరరసంలో కథకుడు అందెలు మోగిస్తూ నాలుగడుగులు ముందుకురికి, మళ్లీ వెనక్కి వస్తాడు. ఉపన్యాసకుల కోసం పెట్టిన స్టాండు మైకు ఒక్కటే దిక్కయితే ఆయన కదిలినప్పుడల్లా గొంతు మాయమవుతుంది. దాంతో ఉన్నచోటే నిలబడి పాడతాడు, సగం కథ అక్కడే చచ్చిపోతుంది. గుమ్మెట వాయించేది నడుము దగ్గర. నోటి ఎత్తులో ఉన్న మైకుకు దాని దెబ్బ అందదు. వినబడాలని వంతలు గట్టిగా వాయిస్తారు, ఆ మోతను మించాలని కథకుడు గొంతు చించుకుంటాడు. మంచు పడిన రాత్రి తోలు సడలి నాదం దిగిపోతుంది. కాస్త వెచ్చజేసి సరిచూసుకోవాలి. ‘త్వరగా కానివ్వండి’ అని నిర్వాహకుడు చెయ్యి ఊపుతుంటే ఆ వ్యవధి ఎక్కడిది?

ముగ్గురికి మూడు మైకులు, గుమ్మెటల ఎత్తున మరో రెండు, కనీసం గంటన్నర సమయం: ఇవి ఏ మండల కేంద్రంలోనైనా సమకూర్చగలిగినవే. ఉపన్యాసాలు రెండు తగ్గిస్తే ఆ గంటన్నర దొరుకుతుంది.

మైకులు పెట్టి కూడా రాజకీయ వంతకు రాసిచ్చిన ‘భళా’నే మిగిలిస్తే మాత్రం మా అభ్యంతరం అలాగే ఉంటుంది. నేడు ఈ ప్రభుత్వం రాసిస్తుంది, రేపు మరో ప్రభుత్వం రాసిస్తుంది. ఇలా పదేళ్లు సాగితే, అప్పటికప్పుడు సభను చూసి ప్రశ్న కట్టడం తెలిసిన వంత ఒక్కరూ మిగలరు. అది పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదు, ఒక దళం వెంట ఊళ్లు తిరిగితేనే అబ్బుతుంది.

బెంగాల్ కరువును కథగా కట్టి, జనం ఆకలికి కారణం ఎవరని అడిగినవాడు నాజర్. ఆయన పక్కన నిలబడాల్సిన వంత ఈరోజు మీ ఎదుట నోరు విప్పితే మీకు గిట్టదు. అలాంటప్పుడు దండ పట్టుకుని ఆ పటం దగ్గరికి రాకండి.