ఎలైజా తాతా? ఎలైజా అవ్వా?

మా మనవరాలిని బళ్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. అమెరికా బడి. అట్ట మీద చెట్టు, కొమ్మకో గడి, గడికో పూర్వీకుడు. మా వైపు గడులన్నీ ఒక్క ఫోన్ కాల్‌లో నిండిపోయాయి. ఏడు తరాలు గడగడా చెప్పేశాను. (చివరి రెండు తరాలూ అప్పటికప్పుడు నేను పుట్టించినవే. ఎవరు చూడొచ్చారు?)

చిక్కంతా కోడలి వైపు వచ్చింది. కోడలు నల్లజాతి అమెరికన్. ఆ వైపు ఎవరినీ పుట్టించక్కర్లేదట, అందరూ జనాభా లెక్కల్లోనే ఉంటారట. 1790 నుంచి పదేళ్లకోసారి ఒక్కసారీ తప్పకుండా తలలు లెక్కపెట్టుకుంటున్న దేశం మరి! రిటైరై ఖాళీగా ఉన్నాడు కదా అని ఆ పని నాకు అప్పజెప్పారు. వియ్యంకుడు గారు కూడా ‘మీరే చూడండి’ అని మర్యాదగా తప్పుకున్నారు. ఆయన అంతకుముందే ఒకసారి ప్రయత్నించారని నాకు తర్వాత తెలిసింది.

మనుషుల వివరాలు 72 ఏళ్లు గుట్టుగా ఉంచాలని అక్కడ రూలు. అందుకే 1950 నాటి లెక్కలు 2022 ఏప్రిల్ ఒకటిన గానీ బయటికి రాలేదు. ఏప్రిల్ ఒకటి. ఆ తేదీ చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

వెనక్కి నడుచుకుంటూ 1910 దాకా బాగానే వెళ్లాను. అక్కడ ఎలైజా గారు దొరికారు. మగ, 52 ఏళ్లు, వ్యవసాయం. సంతోషంతో 1900కి వెళ్లాను. అదే ఊరు, అదే పెళ్లాం, అదే పిల్లలు. ఎలైజా గారు మాత్రం ఆడమనిషి! వయసు 50. అంటే పదేళ్లలో రెండేళ్లే పెరిగి, ఆ వ్యవధిలో మగవాడైపోయారన్నమాట. అబ్బాయికి ఫోన్ చేస్తే, ‘నాన్నా, ఇంగ్లిష్‌లో జే రాస్తే మగ ఎలైజా, జెడ్ రాస్తే ఆడ ఎలైజా’ అన్నాడు. మన లిపిలో ఇద్దరూ ఒకటే. ఆ లెక్కన జనాభా లెక్కలు తెలుగులో రాసుంటే ఆయన పరువు దక్కేది. పైగా ఆ పేజీలో ‘కుటుంబ పెద్ద, స్త్రీ’ అని రాసి, దాని కిందే ‘భార్య’ అని కూడా రాశాడు ఆ మహానుభావుడు. రాస్తున్న చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఆ దృశ్యం నా కళ్ల ముందే జరిగినట్టుంటుంది. జూన్ నెల ఎండ. లెక్కల గుమస్తా గుమ్మంలో నిలబడ్డాడు. ఇంట్లో అందరూ చేలోకి పోయారు. పక్కింటాయన పళ్లు కుట్టుకుంటూ వసారాలో కూచుని ఉన్నాడు. ‘ఈ ఇంట్లో ఎవరుంటారు?’ ‘ఎలైజా.’ గుమస్తా జెడ్ పెట్టాడు. జెడ్ పెట్టాడు కాబట్టి ఆడమనిషి. ‘వయసెంత?’ ‘నాకంటే పెద్దే.’ ‘మీకెంత?’ ‘నలభై తొమ్మిదో ఎంతో.’ అయితే 50. ‘పిల్లలు?’ ‘బోలెడు.’ సంతకం, తేదీ, పక్కిల్లు. ఎవరు చెబితే రాశాడో కాగితం మీద ఆనవాలుండదు. చెప్పినవాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టాలన్న ఆలోచన వాళ్లకి 1940లో గానీ రాలేదు.

సరే, 1890 చూసి తేల్చేద్దామనుకున్నాను. 1890 లేదు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో అంటుకుంది. కాలినవి కాలగా మిగిలినవి ఫైరింజన్ నీళ్లకి నానాయి. ఆ తడి కట్టల్ని పన్నెండేళ్లు అట్టే ఉంచి, 1933 ఫిబ్రవరి 20న కొత్త నేషనల్ ఆర్కైవ్స్ భవనానికి శంకుస్థాపన చేశారు. రికార్డులు ఇక భద్రం అన్నారు. మర్నాడు, అంటే 21న, పనికిరాని కాగితాల జాబితాలో ఆ కట్టల్ని కూడా చేర్చి, పారెయ్యడానికి అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, అనుమతిచ్చింది. ఇల్లు కడుతూ ఇంటాయన్ని సాగనంపడమంటే ఇదే. ఆరు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు జనంలో ఇప్పుడు దొరికే పేర్లు ఆరు వేల చిల్లర. అందులో ఎలైజా గారు లేరు. నేను చూశాను.

1880లో మళ్లీ మగవాడు, వయసు 22. అక్కణ్ణుంచి 1900కి ఇరవై ఏళ్లలో ఇరవై ఎనిమిదేళ్లు పెరిగారు. కష్టపడి ఉంటారు. 1870లో పదిహేనేళ్ల కుర్రాడు. అమ్మ పక్కన ఉన్నాడు, అమ్మకీ పేరుంది. గడి నిండింది.

ఇక 1860.

1860లో ఎలైజా లేడు. వాళ్లమ్మ లేదు. అప్పట్లో బానిసలకి వేరే పుస్తకం. అందులో పేరు రాసేది యజమానిది. దాని కింద వరసగా అంకెలు: వయసు, ఆడా మగా, రంగు. పారిపోయారా, చెవుడుందా, కళ్లు కనిపిస్తాయా, వాళ్లు పడుకునే గుడిసెలెన్ని... అన్నిటికీ గడులున్నాయి. మనిషి పేరుకి గడి లేదు. అదే కౌంటీలో, అదే ఇంటిపేరున్న భూస్వామి కింద ఒక వరుస చూశాను: 5, మగ, నల్ల. దాని పైన 23, ఆడ, నల్ల. వాళ్లేనో కాదో చెప్పడానికి ఈ భూమ్మీద ఇప్పుడెవరూ లేరు.

ఇంతసేపూ ఆ గుమస్తాల్ని చూసి నవ్వాను. చెవులు సరిగ్గా లేవన్నాను, ఎండ దెబ్బన్నాను. ఈ పేజీలో చెవులకేమీ కాలేదు. ఎక్కడా కొట్టివేత లేదు, దస్తూరీ ముత్యాల్లా ఉంది. గుడిసెల్ని కూడా లెక్కపెట్టినవాడికి, వాటి ముందు నిలబడి ‘నీ పేరేంటమ్మా’ అని ఒక్క మాట అడగడానికి నోరు పెగల్లేదా? పెగలక కాదు, అక్కర్లేదని వాడి చేతికిచ్చిన కాగితంలోనే అచ్చేసి ఉంది. దగ్గర దగ్గర నలభై లక్షల మంది, ఒక్కొక్కళ్లకీ తల్లి పెట్టిన పేరు ఉన్నవాళ్లు, ఒక దేశం దేశమంతా కూర్చుని జాగ్రత్తగా, గీతలు గీసుకుని మరీ రాయకుండా వదిలేసిన పేర్లు! నా రెండు దొంగ తాతల పేర్లు మాత్రం ఆ అట్ట మీద నిక్షేపంగా ఉన్నాయి.

‘తాతా, ఈ గడిలో ఏం రాయను?’ అని మనవరాలు వీడియో కాల్‌లో అడిగింది. ఆ పేజీ ప్రింటు తీసి అతికించమన్నాను. గడి చాల్లేదట. మడిచి అతికిస్తే చెట్టు కింద నుంచి వేలాడుతోందట. వేలాడనీ అన్నాను.