బిందె మోసినవాళ్లని అడుగు తమ్ముడూ

మొన్న ఆదివారం పొద్దున మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా చిన్నాన్న కొడుకు ఒక ఫోటో పెట్టాడు. గిలక బావి, గట్టు మీద ఇత్తడి బిందె, పక్కన తాటాకు పందిరి. కింద రాత: "ఆ రోజులే వేరు. స్వచ్ఛమైన నీళ్లు, స్వచ్ఛమైన మనుషులు, స్వచ్ఛమైన నవ్వులు." పావుగంటలో ఇరవై మూడు దండాలు, పదకొండు గులాబీలు పడ్డాయి. ఒళ్లు మండినప్పుడు నాకు లెక్కలు బాగా వస్తాయి, కూర్చుని లెక్కపెట్టాను. దండాలు పెట్టినవాళ్లలో ఆడవాళ్లు ఇద్దరే. ఇద్దరూ ఊళ్లోకి కుళాయి వచ్చాక పుట్టినవాళ్లు.

గ్రూపులో జవాబు రాస్తే గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నా. వాడు ఇదీ చదువుతాడు, చదవనీ. మనిషి మంచివాడే. హైదరాబాదులో పద్నాలుగో అంతస్తులో ఉంటాడు, కుళాయి తిప్పితే వేడినీళ్లొస్తాయి. ఊళ్లో ఉన్నది ఐదో తరగతి దాకా. వాడికి దాహమైనప్పుడల్లా కుండలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు కుండలోకి ఎట్టా వచ్చాయో అడగాల్సిన అవసరం వాడికి ఒక్కనాడూ రాలేదు. మగపిల్లాడు కదా.

మాది కనిగిరి దగ్గర పల్లె. ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నా, నాకు యాభై మూడేళ్లు. చిన్నప్పుడు మా ఊళ్లో నీళ్లకు మూడు అంతస్తులు. నడి ఊళ్లో బావి నీళ్లు ఉప్పన, వాడుకకే. ఆ నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెడితే పొద్దుగూకేదాకా పలుకు పలుకుగానే ఉండేది. తాగడానికి ఊరి బయట చెరువు. ఎండాకాలం చెరువు నెర్రెలిస్తే వాగులో చెలమలు. చెలమంటే తెలీని పిల్లల కోసం చెబుతున్నా: ఎండిన వాగు ఇసకలో మోకాటి లోతు గుంట తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి. ఊరేదాకా గట్టున కూర్చోవాలి. ముంతతో కలక రేగకుండా తోడి, బిందె మూతికి పైట చెంగు కట్టి పోయాలి. బిందె నిండటానికి అరగంట. మన వంతు రావడానికి ఎంతో, అది ముందెవరు లేచారనేదాన్ని బట్టి. అందుకే కోడికూతకు ముందే లేవడం. "ఆ రోజుల్లో జనం తెల్లారుజామునే లేచేవాళ్లు, అందుకే ఆరోగ్యం" అని ఇంకో మెసేజీ తిరుగుతుంటుంది. లేచింది ఆరోగ్యం కోసం కాదు నాయనా, నీళ్ల కోసం.

ఏడేళ్లకు నాకు చిన్న బిందె ఇచ్చారు. పదేళ్లకు పెద్ద బిందె. తల మీద చుట్టకుదురు పెట్టి ఒకటి, చంకన ఒకటి. బడి మొదటి గంట కొట్టే వేళకి నేను రెండో తిరుగుడులో ఉండేదాన్ని. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి మన రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మా అయ్యవారు తరగతిలో చెప్పి, "మన పక్క జిల్లాలోనేరా!" అని మురిసిపోయారు. అందరం చప్పట్లు కొట్టాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సాయంత్రం అదే చేతులతో చేంతాడు లాగాను. ఈ సంగతి దెప్పడానికి చెప్పడం లేదు, రాకెట్టంటే నాకు ఇప్పటికీ గర్వమే. కొత్తకాలం అందరి గడపా ఒకేరోజు తొక్కలేదు అని చెప్పడానికి చెబుతున్నా. మా ఊరికి ముందు సినిమా పోస్టరు వచ్చింది, తర్వాత సారా ప్యాకెట్టు వచ్చింది, కలర్ టీవీ వచ్చింది, ఎస్టీడీ బూతు వచ్చింది. తాగే నీళ్లు అన్నిటికన్నా వెనక వచ్చాయి.

సరే, "స్వచ్ఛమైన నీళ్లు" సంగతి చూద్దాం.

కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు ఇటు వచ్చాయి. మన దేశంలో నీళ్లలో ఉండే ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బును డాక్టర్లు మొదటిసారి రాతపూర్వకంగా గుర్తించింది ఆ నెల్లూరు జిల్లాలోనే, 1937లో. అంతకుముందే రైతులు కనిపెట్టారు, మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. దున్నే ఎద్దు కీళ్లు పట్టేసి, అడుగు తీసి అడుగు వేయలేక కూలబడేది. ఒంగోలు గిత్త పేరు బ్రెజిల్ దాకా పోయింది, అక్కడ ఆ జాతి పశువుల్ని నెలోర్ అనే పిలుస్తారు. ఆ గిత్తలు పుట్టిన నేల పడమటి అంచులోనే ఎద్దులు నీళ్లు తాగి అవిటివయ్యాయి. బోర్లు లేని రోజులు, ఎరువుల మందులు లేని రోజులు, ప్లాస్టిక్ లేని రోజులు. నువ్వు ఫోటోలో పెట్టిన రోజులవే తమ్ముడూ.

"పాతకాలం ఎముకలు గట్టివి" అంటారు చూడండి, మా వైపు అది అక్షరాలా నిజం. ఫ్లోరైడు ఎముకలో చేరి దాన్ని గట్టిపరుస్తుంది. కీళ్లను పట్టి ఉంచే పట్టీలు కూడా సున్నంలాగా బిగుసుకుపోతాయి. ఎంత గట్టిపడతాయంటే ఇంక వంగవు, వంగినవి లేవవు. మా నాయనమ్మ వెన్ను అట్టానే విల్లులాగా వంగిపోయింది. వెల్లకిలా పడుకోవడానికి లేదు, తలెత్తి మనిషి మొహం చూడటానికి లేదు. ఆఖరి ఐదారేళ్లు ఆమె చూసింది మా పాదాలే. ఎవరొచ్చారో కాళ్లు చూసి పోల్చుకునేది. కొత్త చెప్పులు వేసుకుని వెళితే "ఎవరమ్మే నువ్వు?" అని అడిగేది. తొమ్మిది కాన్పుల మనిషి, మిగిలిన బిడ్డలు నలుగురు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్లు, ఇప్పుడు డెబ్బై దాకా వచ్చింది. "మా తాత తొంభై ఏళ్లు గడ్డపలుగులాగా బతికాడు" అని రాసేవాళ్లు ఆ తాత చెల్లెళ్లు, తమ్ముళ్లు ఎంతమంది ఉయ్యాల్లోనే పోయారో కూడా ఒక ముక్క రాస్తే బాగుంటుంది.

"స్వచ్ఛమైన నవ్వులు" ఇంకా బాగుంది. మా ఊరి పెళ్లి ఫోటోలు తీసి చూడు. ఒక్కరూ పళ్లు కనబడేట్టు నవ్వరు. గారపళ్లు. పసుపు, గోధుమ చారలు, గుంటలు. చిగురు లోపల అసలు పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఆ నీళ్లు తాగితే ఇంక జన్మంతా అంతే, బొగ్గుతో తోమినా వేపపుల్లతో తోమినా పోదు. నా పెళ్లిచూపులప్పుడు మా మేనత్త చెవిలో చెప్పింది: "అడిగినదానికి తలూపు, నోరు తెరవబాక." తలే ఊపాను. మా ఆయన నేను మూగదాన్నేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాడట. ఇప్పటికీ ఎవరైనా ఫోను ఎత్తి "స్మైల్" అనగానే నా చెయ్యి నోటికి అడ్డం పోతుంది. మా పిల్లలు ఒంగోలులో పెరిగారు, పళ్లు మల్లెమొగ్గలు. అడ్డూ అదుపూ లేకుండా నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో కూడా నేను అడగను.

ఇక్కడ కొత్తకాలాన్ని వెనకేసుకురావడం నాకూ కష్టమే, ఎందుకంటే మా నీళ్లను మరింత చెడగొట్టింది కూడా అదే. గవర్నమెంటు వాళ్లు రిగ్గు తెచ్చి రాయిని తొలిచి బోరింగు వేశారు. ఊరంతా కొబ్బరికాయ కొట్టాం. చెరువు దాకా నడవక్కర్లేదు, పంపు కొడితే నీళ్లు! మా అమ్మ ఆ రోజు ఏడ్చింది. తర్వాత తెలిసింది, వాననీళ్లు నిలిచే చెరువులో ఫ్లోరైడు తక్కువ, లోతు రాతి పొరల్లో ఉండే బోరు నీళ్లలోనే ఎక్కువని. కొన్నేళ్లకు ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయి, మళ్లీ వచ్చి బోరింగుకు ఎర్ర రంగు పూసి వెళ్లారు. తాగకూడదని గుర్తు. ఇంకోటి చూపించలేదు. ఎర్ర రంగు బోరింగులోనే కొట్టుకుని తాగాం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించకూడదని లెక్క ఉందట. మా దగ్గర ఎంతుందో మాకెవరూ చెప్పలేదు, మా మోకాళ్లు చెప్పాయి.

కృష్ణ నీళ్లు మా వైపు తెస్తామన్న వెలిగొండ ప్రాజెక్టు సంగతి సరేసరి. 1996లో శంకుస్థాపన. మా పెద్దమ్మాయి పుట్టింది ఆ ఏడాదే. దాని పెళ్లయింది, దాని కూతురు బడికి పోతోంది. కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్ల పైన సొరంగాలు తవ్వారు, 2024లో జాతికి అంకితం కూడా ఇచ్చారు. మా చేను మాత్రం ఆ నీటి చుక్క ఇంకా చూడలేదు. కాబట్టి ఈ రోజులు బంగారమని నేను అనడం లేదు. ఊళ్లో ఇప్పుడు అందరూ తాగేది క్యాను నీళ్లు, ఇరవై లీటర్లు పది రూపాయలు. చిల్లర లేని రోజు దాహం కూడా అప్పే.

ఇక "స్వచ్ఛమైన మనుషులు". ఇది రాయాలంటే చెయ్యి కొంచెం ఆగుతోంది.

నువ్వు ఫోటో పెట్టిన లాంటి బావి గట్టు మీదికి ఊళ్లో అందరూ ఎక్కేవాళ్లు కాదు తమ్ముడూ. కొంతమంది కడవ కింద పెట్టి, దూరంగా నిలబడి, ఎవరైనా తోడి పోస్తారేమోనని చూసేవాళ్లు. వాళ్లలో నా ఈడు పిల్ల ఒకటి ఉండేది. నేను పోస్తుంటే పెద్దవాళ్లు "ఎత్తి పొయ్యవే, తగలకుండా" అనేవాళ్లు. ఎత్తే పోశాను. అప్పుడు అది తప్పని తోచలేదు, అదే నాకు ఇప్పుడు సిగ్గు. 1985 జూలైలో, అప్పటి మన జిల్లాలోనే కారంచేడు జరిగింది. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దన్నందుకు మొదలైన గొడవ. మర్నాడు ఊళ్లో పెద్ద కులం వాళ్లు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. నాకు పదమూడేళ్లు. మా అరుగు మీద పెద్దవాళ్లు ఆ సంగతి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తుంది. ఆ గొంతు ఎందుకు తగ్గిందో తర్వాత అర్థమైంది. "ఊరంతా ఒకే కుటుంబం" అని ఎవరన్నా రాస్తే, ఏ వైపు ఊరు అని అడగాలనిపిస్తుంది.

ఇంట్లో సంగతులు వేరే చెప్పాలా! మా అమ్మమ్మగారిది కలిగిరి వైపు. సాయంత్రం మగాళ్ల కూలి డబ్బులు సారా అంగట్లో, ఆడాళ్ల కూలి డబ్బులు గింజలకు. విడాకులు లేవు, నిజమే. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను మూడోరోజు బస్సెక్కించేవాళ్లు, అందుకని లేవు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని రాత్రిబడులు పెట్టారు. వాచకంలో ఒక పాఠం, ఆడవాళ్లంతా కలిసి సారా అంగడి మూయించిన కథ. దూబగుంటలో రోశమ్మా తోటి ఆడవాళ్లూ ఆ పాఠాన్ని చదవడంతో ఆపలేదు, వెళ్లి నిజంగానే మూయించారు. అక్కణ్నుంచి ఊరూరా పాకింది. మా అమ్మమ్మ ఊళ్లో చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని అంగడి ముందు కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. (ఆ తర్వాత మొత్తం మద్యం నిషేధించడం, 1997లో ఎత్తేయడం, అది ఇంకో పోస్టు. అది రాస్తే బూతులొస్తాయి.) ఆ రోజులు అంత బాగుంటే, ఆ రోజుల్లో బతుకుతున్న ఆడవాళ్లు పని మానుకుని రోడ్డు మీదికి ఎందుకొచ్చారు?

కొర్రన్నం, సజ్జరొట్టె గురించి కూడా రాద్దామనుకున్నా, వదిలేస్తున్నా. వరి బియ్యం అల్లుడొచ్చినప్పుడే దిగేవని మాత్రం గుర్తుపెట్టుకోండి.

అయితే మా అమ్మను అడిగాను. ఎనభై దగ్గర పడింది, ఊళ్లో ఒక్కతే ఉంటుంది, రమ్మన్నా రాదు. ఫోన్లో ఈ ఫోటో సంగతి చెప్పి "ఆ రోజులు బాగుండేవా అమ్మా?" అంటే కాసేపు మాట్లాడలేదు. "ఆ గిలక తుప్పుదా మంచిదా?" అనడిగింది ముందు. తుప్పు గిలక అయితే చేంతాడు సరిగా దొర్లదు, అరచేతులు చీరుకుపోతాయి, అదీ ఆమె అనుమానం. తర్వాత అంది: "చెలమ కాడ మాటలు బాగుండేవే. ఊట ఊరిందాకా పనేముంది? అత్త ముండమోపిని తిట్టుకుంటా, నవ్వుకుంటా కూర్చునేవాళ్లం. ఇప్పుడు క్యానబ్బాయి గడపలో దించి వెళ్తాడు. పొద్దున మాట్లాడితే మళ్లీ రాత్రి నీ ఫోనే."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమెకు షుగరు, బీపీ, మోకాళ్లు. మాత్రలు డబ్బాలో వారాల వారీగా సర్ది ఇచ్చి వస్తాను. నాయనమ్మ దగ్గర మాత్రలు లేవు గానీ పక్కన కూర్చునే మనుషులు ఉన్నారు. "పోనీ మళ్లీ చెలమ తవ్వుకుందామా?" అని అమ్మను ఉడికించబోయాను. "చెప్పుతో కొడతా" అంది.

తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడట, పిల్లలకు "రూట్స్" చూపించడానికి. చాలా సంతోషం. పెద్ద ఇత్తడి బిందె అమ్మ ఇంట్లో అటక మీదే ఉంది, ఎవరికీ అమ్మేయలేదు. చింతపండు పెట్టి తోమిస్తాను. చుట్టకుదురు పాత చీరతో కొత్తది చుడతాను. ఈసారి వానలు పడ్డాయి కాబట్టి చెరువులో నీళ్లున్నాయి, ఇంటికి కిలోమీటరు లోపే. రెండు తిరుగుళ్లు చాలు తమ్ముడూ, ఒకటి తల మీద, ఒకటి చంకన. ఫోటో నేను తీస్తా, గ్రూపులో నువ్వే పెట్టుకో.