వేడి దేశపు విస్కీకి చలి దేశపు వయసు లెక్క

అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చే చుట్టాలతో డ్యూటీ ఫ్రీ విస్కీ బాటిల్ తెప్పించుకునేవాళ్లు మొదట చూసేది దాని మీదున్న అంకె. పీపాలో ఉన్నది 12 ఏళ్లా, 18 ఏళ్లా? అంకె పెరిగేకొద్దీ సరుకు గొప్పదని మనలో చాలామందికి నమ్మకం కుదిరిపోయింది. ఆ లెక్క పుట్టింది స్కాట్లాండ్ చలిలో. బెంగళూరులోనో గోవాలోనో పీపాలో పోసిన విస్కీని దానితోనే కొలవడం అన్యాయం. అయితే ఆ అన్యాయాన్ని చూపించి, బ్రిటన్‌లో విస్కీకి ఉన్న మూడేళ్ల నిబంధన నుంచి మన మద్యం పరిశ్రమ అడుగుతున్న మినహాయింపు కూడా సరైంది కాదని నా అభిప్రాయం.

ఎండాకాలంలో మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబడటం మనకు తెలిసిందే. ఓక్ పీపాలోనూ అలాంటిదే నెమ్మదిగా జరుగుతుంది. చెక్క గుండా నీరు, ఆల్కహాల్ రెండూ ఆవిరై పోతుంటాయి, బయటి గాలి లోపలికి వస్తుంటుంది. ఈ రాకపోకలకు చెక్క నుంచి దిగే రంగు, రుచి తోడైతేనే ఘాటైన కొత్త స్పిరిట్ విస్కీగా మారుతుంది. ఆవిరై పోయే భాగాన్ని ‘దేవదూతల వాటా’ అంటారు. స్కాట్లాండ్‌లో ఆ వాటా ఏడాదికి సుమారు 2 శాతం. బెంగళూరు శివారులో ఉన్న అమృత్ డిస్టిలరీలో అది 10 నుంచి 12 శాతం, గోవాలోని పాల్ జాన్‌లో దాదాపు 8 శాతం.

రెండు శాతానికీ పది శాతానికీ తేడా ఎంతో ఒక పీపా లెక్క వేస్తే తెలుస్తుంది. 200 లీటర్లు పోశామనుకుందాం. స్కాట్లాండ్‌లో పన్నెండేళ్ల తర్వాత మూత తీస్తే దాదాపు 157 లీటర్లు ఉంటుంది. ఏడాదికి 10 శాతం పోయే చోట 56 లీటర్లే మిగులుతుంది. మిగిలిన ఆ కాస్తలో కూడా చెక్క రుచి మితిమీరి చేదెక్కే ప్రమాదం ఉంది. అందుకే మన సింగిల్ మాల్ట్‌లు (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీలు) ఎక్కువగా నాలుగైదేళ్లకే సీసాలోకి వస్తాయి. 2013లో అమృత్ ఎనిమిదేళ్లు దాచిన విస్కీని విడుదల చేసి, దానికి ‘గ్రీడీ ఏంజెల్స్’ అని పేరు పెట్టింది. దురాశ దేవదూతలన్నమాట. ఆ పేరు వెనకున్న నష్టం ఎంతటిదో పై లెక్కే చెబుతుంది.

మరి ఈ నష్టాన్ని ఆపలేమా? పూర్తిగా ఆపడం సాధ్యం కాదు, ఆపకూడదు కూడా. పీపాకు ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి చూసినవాళ్లున్నారు. గాలి ఆడని పీపా ఉత్త డబ్బాతో సమానం. చేయగలిగిందల్లా నష్టాన్ని అదుపులో పెట్టడమే.

ఇక్కడ చాలామంది పొరబడేది తేమ విషయంలో. గోదాం నేల తడిపితే అంతా మిగులుతుందనుకుంటారు. గాలిలో తేమ ఎక్కువుంటే పీపాలోంచి నీరు పోవడం తగ్గుతుంది, ఆల్కహాల్ మాత్రం పోతూనే ఉంటుంది. స్కాట్లాండ్‌లో ఏళ్లు గడిచేకొద్దీ విస్కీ గాఢత, అంటే ఆల్కహాల్ శాతం, పడిపోయేది అందుకే. పొడి గాలిలో ఇది తిరగబడుతుంది. నీరే ముందు పోయి గాఢత పెరుగుతుంది. అమెరికాలోని కెంటకీ విస్కీ గోదాముల్లో వేడిగా ఉండే పై అంతస్తుల్లో జరిగేది ఇదే. కాబట్టి తేమ పెంచితే లీటర్లు మిగలొచ్చు, కానీ పన్ను లెక్కకూ రుచికీ ముఖ్యమైన ఆల్కహాల్ మిగలకపోవచ్చు.

నిజంగా పనిచేసేది వేడిని తగ్గించడం. పాల్ జాన్ కొన్ని పీపాలను నేల కింద దాస్తుంది. పీపా సైజు కూడా ముఖ్యమే. చిన్న పీపాలో సరుకుతో పోలిస్తే చెక్క తగిలే మేర ఎక్కువ, నష్టమూ ఎక్కువే. సగం ఖాళీ అయిన ఒకే రకం పీపాలను కలిపేయడం, కారుతున్న పీపాను ముందే పట్టుకోవడం పైకి చిన్న పనుల్లా కనిపిస్తాయి. కారిపోయిన సరుకును కూడా ఆవిరి ఖాతాలో రాసేసే గోదాంలో అసలు నష్టం ఎంతో ఎప్పటికీ తేలదు. తైవాన్‌లోని కవలాన్ డిస్టిలరీ మరో దారి పట్టింది. వేడిని తప్పించుకోలేమని ఒప్పుకుని, పాత వైన్ పీపాల లోపలి పొర చెక్కేసి, మళ్లీ కాల్చి, తక్కువ కాలంలోనే రుచి దిగేలా చేసింది. ఆ పద్ధతిలో వాళ్లకు సలహా ఇచ్చింది స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ జిమ్ స్వాన్. మనం నేర్చుకోవాల్సింది ఈ తెలివినే.

ఇక మినహాయింపు సంగతి. యూరప్, బ్రిటన్ చట్టాల ప్రకారం విస్కీ అనిపించుకోవాలంటే అది ధాన్యం నుంచి తయారై, చెక్క పీపాలో కనీసం మూడేళ్లు ఉండాలి. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందం స్కాచ్ (స్కాట్లాండ్ విస్కీ) మీద మన దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 75కి, పదేళ్లలో 40కి తగ్గిస్తుంది. మనం తలుపు తెరుస్తున్నాం కాబట్టి వాళ్లూ మూడేళ్ల నిబంధన సడలించాలని, మన వేడికి అంతకాలం ఉంచితే మూడో వంతు ఆవిరైపోతుందని మన పరిశ్రమ వాదిస్తోంది. ఆవిరి లెక్క తప్పు కాదు. కానీ మన మాల్ట్‌లు ఇప్పటికే మూడేళ్లు దాటి లండన్ షాపుల్లో అమ్ముడవుతున్నాయి. నిబంధన అడ్డొస్తున్నది వాటికి కాదు. మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్ కలిపి విస్కీ పేరుతో అమ్మే సరుకుకు అసలు అడ్డంకి వయసు కాదు, ముడిసరుకు. దానికి మన ఎండను సాకుగా చూపితే, నిజంగా నష్టం భరించి మంచి మాల్ట్ తీస్తున్నవాళ్ల మాటకు విలువ పోతుంది.

అడగాల్సింది వేరే ఉంది. సీసా మీద ఎన్ని నెలలు పీపాలో ఉందో, ఏ ఊళ్లో ఉందో, ఏ రకం పీపానో రాయడం మన దగ్గర తప్పనిసరి చేయాలి. మద్యం పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి, ఎక్సైజ్ శాఖలు ఆవిరి నష్టాన్ని ఊరి వాతావరణం బట్టి, పీపా పీపాకూ కొలిచి ఒప్పుకోవాలి. ఆ రికార్డులు పదేళ్లు పోగైతే, మన వేడిలో ఒక ఏడాది స్కాట్లాండ్‌లో ఎన్నేళ్లకు సమానమో బ్రిటన్ అధికారుల ముందు కాగితం పెట్టి వాదించవచ్చు.